విరిగిన గేరుకు సరైన జోడీ: పళ్ళు లెక్కపెట్టడం నుంచి నూనె పోసేదాకా

వానాకాలం దుక్కులు మొదలయ్యే రోజుల్లో వరంగల్ లేతు షాపుల ముందు ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. పరకాల వైపు నుంచో నర్సంపేట వైపు నుంచో వచ్చిన రైతు, ట్రాక్టర్‌కు తగిలించి నేలను గుల్ల చేసే రోటవేటర్ పెట్టెలోంచి తీసిన విరిగిన పినియన్‌ను, అంటే జంటలోని చిన్న గేరును, పాతగుడ్డలో చుట్టి తెచ్చి, "అన్నా, గిసొంటిదే ఇంకొకటి కావాలె" అని అడుగుతాడు. మేస్త్రీ దాన్ని చేతిలో తిప్పి చూసి, "దీనితోటి తిరిగే పెద్ద గేరుకు పళ్ళెన్ని?" అని తిరిగి అడుగుతాడు. ఆ పెద్ద గేరు ఊళ్లో పెట్టెలోనే ఉండిపోయింది, దాని పళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెచ్చుకోవడానికి మళ్లీ బస్సెక్కి వెళ్లి రావాలి, ఈలోగా పొలంలో పదను ఆరిపోతుంది.

గేరు ఎప్పుడూ ఒక జంటలో సగమే కాబట్టి, విరిగిన ముక్కను మాత్రమే చూసి దాని స్థానంలో ఏది సరిపోతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. రోటవేటర్ ఉన్న రైతుకూ, చెరకు రసం యంత్రం నడిపేవారికీ, పసుపు పాలిష్ డ్రమ్ము తిప్పేవారికీ, పిండి గిర్ని యజమానికీ పనికొచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాను. ముందు గేరు శక్తిని ఎలా చేరవేస్తుందో చూద్దాం. అది అర్థం కాకుండా కొలతలు తీసుకుంటే ఏ కొలత ముఖ్యమో తెలియదు. ఆ తరువాత లెక్కపెట్టడం, కొలవడం, విరిగిన కారణం కనుక్కోవడం, బిగించడం వరుసగా వస్తాయి.

గేరు మార్చేది ఏమిటి

గేరు శక్తిని పుట్టించదు. మోటారో ఇంజనో ఇచ్చిన శక్తిని తీసుకుని, అందులోని వేగాన్ని తగ్గించి తిప్పే బలాన్ని పెంచుతుంది, లేదా బలాన్ని తగ్గించి వేగాన్ని పెంచుతుంది. రెండూ ఒకేసారి పెంచే గేరు ఎక్కడా లేదు. తిప్పే బలాన్నే టార్క్ అంటారు. కిలోవాట్లలో శక్తిని 9550తో గుణించి, నిమిషానికి తిరిగే చుట్లతో భాగిస్తే టార్క్ న్యూటన్ మీటర్లలో వస్తుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే యంత్రంలో ఏ షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మీద ఎంత తిప్పే బలం పడుతోందో కాగితం మీద తేల్చుకోవచ్చు.

బలం ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే బిగుసుకుపోయిన నట్టును తలచుకోవాలి. పొట్టి పానాతో కదలని నట్టు, పానాకు పైపు తొడిగి పొడవు పెంచితే అదే చెయ్యి బలానికి కదులుతుంది. రెండు గేర్లు కలిసే చోట చిన్నదాని పన్ను పెద్దదాని పన్నును ఎంత బలంతో నెడుతుందో, పెద్దది చిన్నదాన్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది. నెట్టే బలం ఒక్కటే అయినా, పెద్ద గేరులో ఆ బలం కేంద్రానికి దూరంగా పడుతుంది కాబట్టి దాని షాఫ్ట్ మీద తిప్పే బలం ఎక్కువవుతుంది. పైపు తొడిగిన పానాలో జరిగేది కూడా ఇదే. అయితే పెద్ద గేరుకు పళ్ళు ఎక్కువ ఉన్నందున అది ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది చాలా చుట్లు తిరగవలసి వస్తుంది. బలంలో వచ్చిన లాభానికి వేగంలో చెల్లించే మూల్యం అదే.

ఎండాకాలంలో హనుమకొండ చౌరస్తాలో అయినా, కరీంనగర్ బస్టాండు దగ్గర అయినా కనిపించే చెరకు రసం యంత్రాన్ని ఒకసారి ఆగి చూడండి. పళ్ళు బయటికి కనిపిస్తూ తిరుగుతాయి కాబట్టి గేర్ల గురించి నేర్చుకోవడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు. అందులో నిమిషానికి 1440 చుట్లు తిరిగే 1 హార్స్ పవర్ మోటారు ఉందనుకుందాం. 3 అంగుళాల పుల్లీ నుంచి 18 అంగుళాల పుల్లీకి బెల్టు వేస్తే వేగం ఆరో వంతై 240 చుట్లకు వస్తుంది. తరువాత 12 పళ్ళ పినియన్ 60 పళ్ళ గేరును తిప్పితే 48 చుట్లు, ఆపైన 14 పళ్ళది 56 పళ్ళదాన్ని తిప్పితే 12 చుట్లు మిగులుతాయి. మొత్తం మీద వేగం 120 వంతులు తగ్గింది.

ఇప్పుడు బలం వైపు చూద్దాం. 1 హార్స్ పవర్ అంటే 0.746 కిలోవాట్లు. 1440 చుట్ల దగ్గర మోటారు షాఫ్ట్ మీద టార్క్ సుమారు 5 న్యూటన్ మీటర్లే. అంటే ఒక మీటరు పొడవు కర్ర చివర అర కిలో బరువు వేలాడదీసినంత బలం. దానితో చెరకు గడ నలగదు. 120 వంతులు పెరిగితే సుమారు 600 న్యూటన్ మీటర్లు రావాలి. బెల్టులోనూ రెండు గేరు జంటల్లోనూ రాపిడికి నూటికి 5 చొప్పున పోయిందనుకుంటే 510 దాకా మిగులుతుంది. అదే మీటరు కర్ర చివర 52 కిలోల బరువు వేలాడినట్టు. చెరకును పిప్పి చేసేది ఈ బలమే. అందులో వేలు పడినా ఈ బలం తగ్గదు కాబట్టి తెరిచి ఉన్న గేర్ల మీద రేకు కవరు లేకుండా యంత్రం నడపకూడదు. తువ్వాలు కొంగు, చీర కొంగు, పిల్లల చేతులు లోపలికి పోవడానికి ఒక్క క్షణం చాలు.

మధ్యలో ఉండే గేరు, మార్చుకునే గేర్లు

ఒకదానితో ఒకటి కలిసిన రెండు గేర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. మధ్యలో మూడోది పెడితే మొదటిదీ చివరిదీ ఒకే దిశలో తిరుగుతాయి. ఈ మధ్య గేరును ఐడ్లర్ అంటారు. దాని పళ్ళ సంఖ్య వేగాన్ని ఏమీ మార్చదు అనే సంగతి చాలామంది మెకానిక్‌లకు కూడా వెంటనే నమ్మబుద్ధి కాదు. గేర్లతో నడిచే రోటవేటర్ పక్క కవరు విప్పితే పైనొకటి, మధ్యనొకటి, కింద రోటర్‌కు (కత్తులు బిగించిన ఇరుసుకు) ఒకటి, మొత్తం మూడు గేర్లు ఉంటాయి. వాటికి 19, 32, 21 పళ్ళు ఉన్నాయనుకుంటే, మొదటి జంటలో 19ని 32తో, రెండో జంటలో 32ను 21తో భాగించి రెండింటినీ గుణించాలి. 32 పైనా కిందా కొట్టుకుపోయి 19/21 మాత్రమే మిగులుతుంది. దూరంగా ఉన్న రెండు షాఫ్ట్‌లను కలపడం, దిశను సరిచేయడం ఐడ్లర్ పనులు. కానీ పళ్ళ మీద పడే భారం విషయంలో దాని స్థితి మిగతా రెండింటి కంటే కష్టమైనది. ఒక వైపు నుంచి నెట్టించుకుంటూ మరో వైపు నెడుతుంది కాబట్టి దాని ప్రతి పన్నూ ప్రతి చుట్టులో రెండు వైపులా వంగుతుంది.

ట్రాక్టర్ వెనక పనిముట్లకు శక్తిని అందించే పి.టి.ఓ. షాఫ్ట్ సాధారణ ప్రమాణం ప్రకారం నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. వేగం మార్చుకునే వీలున్న రోటవేటర్లలో గేరుబాక్సు వెనక మూత విప్పితే రెండు గేర్ల జంట కనిపిస్తుంది. వాటిని ఒకదాని స్థానంలో ఒకటి మార్చవచ్చు, లేదా వేరే జంట వేయవచ్చు. 16, 19 పళ్ళ జంట ఉందనుకుందాం. 16 తిప్పేదిగా, 19 తిరిగేదిగా వేస్తే 540 చుట్లు సుమారు 455కు తగ్గుతాయి. తరువాత శక్తిని మలుపు తిప్పే 13, 25 పళ్ళ బెవెల్ జంట దాటితే 236, పక్క గేర్లు దాటితే రోటర్ దగ్గర 214 చుట్లు. ఆ రెంటినీ తారుమారు చేస్తే రోటర్ 302 చుట్లు తిరుగుతుంది. పి.టి.ఓ. దగ్గర 38 హార్స్ పవర్ అందుతోందనుకుంటే అక్కడి టార్క్ సుమారు 500 న్యూటన్ మీటర్లు. రాపిడిని పక్కన పెట్టి చూస్తే అది రోటర్ మీద మొదటి అమరికలో 1260, రెండో అమరికలో 895 అవుతుంది. గట్టిపడిన నల్లరేగడిలో తక్కువ వేగం, తేలికైన చల్క నేలలో ఎక్కువ వేగం పెట్టుకోవడానికి కారణం ఈ రెండు అంకెల్లోనే ఉంది. పొరుగువాడి సెట్టింగునే తన పొలంలోనూ వాడేవాళ్లు గేర్ల మీద అనవసరమైన భారం వేస్తున్నారు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఆ పెట్టెలో 16, 19 బదులు 17, 18 కూడా వేసుకోవచ్చు. రెండు జంటల మొత్తమూ 35. షాఫ్ట్‌ల మధ్య దూరం మారదు కాబట్టి, ఒకే మాడ్యూల్‌లో (పన్ను పరిమాణంలో, దీన్ని కింద వివరిస్తాను) మామూలుగా కోసిన ఏ జంట వేసినా పళ్ళ మొత్తం అంతే ఉండాలి. ఎవరైనా "18కి 19 వేద్దాం, నడుస్తది" అంటే ఒప్పుకోకండి, ఎక్కదు. కొట్టి ఎక్కిస్తే బేరింగులు పోతాయి.

పన్నుకు ఆ వంపు ఎందుకు

పళ్ళు చతురస్రంగా ఉంటే ఒకటి మరొకదాన్ని నెట్టేటప్పుడు వేగం ప్రతి పన్నుకూ పెరుగుతూ తగ్గుతూ కుదుపు వస్తుంది. ఎడ్లబండి చక్రం వేగంతో తిరిగే పాతకాలపు కొయ్య గేర్లలో ఆ కుదుపు చెల్లింది, మోటారు వేగానికి చెల్లదు. ఈనాటి గేర్ల పన్నుకు ఉండే వంపును ఇన్‌వాల్యూట్ అంటారు. గేర్లకు ఇది సరిపోతుందని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త చూపించాడు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లలో నూలు కండెలు ఉంటాయి కదా, ఒక కండెను కదలకుండా పట్టుకుని, దారం కొసకు పెన్సిల్ కట్టి, దారం బిగువు తగ్గకుండా విప్పుతూ కాగితం మీద గీస్తే వచ్చే వంపు అదే. ఇలాంటి రెండు వంపులు ఒకదాన్నొకటి నెడుతున్నంతసేపూ వేగాల నిష్పత్తి మారదు. షాఫ్ట్‌ల మధ్య దూరం కొద్దిగా పెరిగినా మారదు. వ్యవసాయ యంత్రాల్లో బేరింగులు అరిగినా గేర్లు కొంతకాలం పని చేయడానికి ఈ గుణమే ఆధారం. ఒక పన్ను విడిచే లోపే మరో పన్ను అందుకునేలా కూడా గేర్లను రూపొందిస్తారు, లేకపోతే భారం తెగి మళ్లీ పడుతూ ఠక్ ఠక్ అనే చప్పుడు వస్తుంది.

ఒకటి గుర్తుంచుకోవాలి. పన్ను పన్నును నెట్టే దిశ ఎంత వాలి ఉందో చెప్పేది ఒత్తిడి కోణం. ఇప్పుడు ఎక్కువగా వాడే 20 డిగ్రీల కోణంలో 17 కంటే తక్కువ పళ్ళున్న పినియన్‌ను మామూలుగా కోస్తే పన్ను మొదలు లోపలికి తెగి సన్నబడుతుంది. అందుకని తక్కువ పళ్ళ పినియన్లను తరచుగా కొంత సవరణతో కోస్తారు, అలాంటి వాటి బయటి వ్యాసం మామూలు లెక్కకు కొద్దిగా ఎక్కువ ఉంటుంది. పాత యంత్రాల్లో 14.5 డిగ్రీల కోణం ఉన్న గేర్లు కూడా ఇంకా తిరుగుతున్నాయి. ఈ రెండు కోణాల గేర్లు ఒకదానితో ఒకటి కలవవు.

విప్పే ముందు

ట్రాక్టర్ ఇంజన్ ఆపి, పి.టి.ఓ. విడదీసి, తాళం చెవి మీ జేబులో వేసుకోండి. మోటారు యంత్రమైతే స్విచ్ ఆపడం చాలదు, ఫ్యూజు కూడా తీయండి. రోటవేటర్‌ను హైడ్రాలిక్ మీద పైకెత్తి కింద చేతులు పెట్టకూడదు, దిమ్మెలు పెట్టి దించిన తరువాతే పని మొదలుపెట్టాలి. పెట్టెలోని నూనెను మురికి కాలువలోకి కాకుండా శుభ్రమైన బకెట్‌లోకి దించండి, ఎందుకంటే ఆ నూనెను మనం చదవాలి. తీసే ప్రతి గేరు ఏ ముఖం ఎటు ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వాషర్లు, షిమ్ములు ఏ షాఫ్ట్‌వి ఆ షాఫ్ట్‌కే తీగ గుచ్చి కట్టండి. షిమ్ అంటే కాగితమంత పలుచని రేకు. పనికిరాని ముక్కలాగా కనిపిస్తుంది గానీ, గేర్లు ఎంత లోతుగా కలవాలో నిర్ణయించేది అదే.

లెక్కపెట్టడం, కొలవడం

ఒక పన్ను మీద సుద్దతో గీత పెట్టి, ఒక్కొక్కదానినీ వేలితో తాకుతూ లెక్కించండి. రెండోసారి వ్యతిరేక దిశలో లెక్కించండి. రెండు సంఖ్యలూ ఒకటైతేనే రాసుకోవాలి. కొన్ని పళ్ళు విరిగిపోతే గేరును తెల్లకాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, మిగిలిన పళ్ళ దూరంతో ఖాళీని పూరించి చూడాలి. విరిగినదానివే కాకుండా దానితో కలిసే గేరు పళ్ళు కూడా తప్పక లెక్కించండి.

రెండోది మాడ్యూల్. గేరు పన్ను ఎంత పెద్దదో చెప్పే కొలత అది. ఒకే మాడ్యూల్ ఉన్న గేర్లే కలిసి తిరుగుతాయి. సూటి పళ్ళ గేరుకు బయటి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వెర్నియర్‌తో కొలిచి, పళ్ళ సంఖ్యకు 2 కలిపి ఆ మొత్తంతో భాగించాలి. 42 పళ్ళ గేరు బయటి వ్యాసం 132 ఉంటే, 132ను 44తో భాగిస్తే 3, అంటే 3 మాడ్యూల్. సాధారణంగా 1, 1.25, 1.5, 2, 2.5, 3, 4, 5, 6, 8, 10 మాడ్యూళ్లు ఎదురవుతాయి.

పళ్ళు బేసి సంఖ్యలో ఉంటే చాలామంది పొరపాటు చేస్తారు. 15 పళ్ళ పినియన్‌లో ఒక పన్నుకు సరిగ్గా ఎదురుగా పన్ను ఉండదు, సందు ఉంటుంది. వెర్నియర్‌తో నేరుగా పడితే అసలు వ్యాసం 51 ఉన్నచోట పావు మిల్లీమీటరుకు పైగా తక్కువ చూపిస్తుంది. దానికి బదులు మధ్య రంధ్రం అంచు నుంచి పన్ను కొస వరకు కొలిచి, రెండింతలు చేసి, రంధ్రం వ్యాసం కలపాలి. అంచు నుంచి కొసకు 13, రంధ్రం 25 అయితే మొత్తం 51. దాన్ని 17తో భాగిస్తే 3 వస్తుంది, కాబట్టి ఇది పైన చెప్పిన 42 పళ్ళ గేరుకు జోడీయే.

తరువాత షాఫ్ట్‌ల మధ్య దూరంతో సరిచూసుకోవాలి. రెండు గేర్ల పళ్ళ మొత్తాన్ని మాడ్యూల్‌తో గుణించి సగం చేస్తే ఆ దూరం రావాలి. 15, 42 కలిపితే 57, మూడింతలు 171, సగం 85.5 మిల్లీమీటర్లు. రెండు షాఫ్ట్‌ల బయటి అంచుల మధ్య కొలిచి, రెండింటి వ్యాసాల మొత్తంలో సగం తీసివేస్తే మీ పెట్టెలోని దూరం తెలుస్తుంది. షాఫ్ట్‌లు 25, 35 మందం ఉంటే బయటి అంచుల మధ్య 115.5 రావాలి. లెక్కకూ కొలతకూ తేడా వస్తే కొలత తప్పు కావచ్చు, లేదా ఆ గేర్లు సవరణతో కోసినవి కావచ్చు. రెండో సందర్భంలో ఊహించి కొత్తది చేయించకుండా, రెండు గేర్లనూ పట్టుకెళ్లి, ఈ దూరం కూడా చెప్పండి.

భాగించినప్పుడు 2.54 అనో 3.17 అనో వస్తే జాగ్రత్తపడాలి. అంగుళాల పద్ధతిలో చేసిన పాత యంత్రాల గేర్లకు మాడ్యూల్ ఉండదు, డి.పి. అనే వేరే కొలత ఉంటుంది. 25.4ను డి.పి.తో భాగిస్తే దానికి సమానమైన మాడ్యూల్ తెలుస్తుంది. 10 డి.పి. అంటే 2.54, 8 డి.పి. అంటే 3.175. రెండున్నర మాడ్యూల్ గేరునూ 10 డి.పి. గేరునూ చేతిలో పెట్టుకుని చూస్తే తేడా కనిపించదు, కలిపి చేత్తో తిప్పితే తిరుగుతాయి కూడా. కానీ 40 పళ్ళ గేరు మొదటి పద్ధతిలో 105 మిల్లీమీటర్లు, రెండో పద్ధతిలో 106.68 ఉంటుంది. ఇలా కలిపి వేసిన ఒక జంట గిర్నిలో వారం రోజులు అరుస్తూ తిరిగి, ఆ తరువాత రెండూ కలిసి పొడి రాల్చడం నేను స్వయంగా చూశాను. కొంచెమే కదా అని ఒప్పుకోలేని తేడా ఇది.

ఇదంతా సూటి పళ్ళకు చెప్పిన లెక్క. ఏటవాలు పళ్ళ హెలికల్ గేర్లకు ఏటవాలు కోణం కూడా కావాలి. పళ్ళకు పలుచగా గ్రీజు రాసి కాగితం మీద దొర్లిస్తే గీతలు పడతాయి, ఆ కోణాన్ని కొలవవచ్చు. సమాంతర షాఫ్ట్‌ల మీద ఒకటి ఎడమ వాలు, ఒకటి కుడి వాలు ఉండాలి. ఇవి చప్పుడు తక్కువ చేస్తాయి గానీ షాఫ్ట్‌ను ఒక పక్కకు నెడతాయి కాబట్టి బేరింగు అందుకు తగినదై ఉండాలి. రోటవేటర్‌లోనూ, కాకతీయ కాలువ తూముల మరల్లోనూ శక్తిని మలుపు తిప్పే బెవెల్ గేర్లను జంటగానే కొనాలి. ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి తయారుచేసిన క్రౌన్ (పెద్ద బెవెల్ గేరు), పినియన్‌లలో ఒకదాన్ని మాత్రమే మార్చడం డబ్బు దండగ. మరలాంటి పురుగు గేరు, అంటే వార్మ్, చాలా వేగాన్ని ఒకే మెట్టులో తగ్గిస్తుంది కానీ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ నడుస్తాయి కాబట్టి వేడెక్కుతుంది, శక్తిలో పెద్ద భాగమే పోవచ్చు.

విరిగిన చోటు ఏం చెబుతుంది

కొత్త గేరు తెచ్చే ముందు పాతది ఎందుకు పోయిందో తెలుసుకోకపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. పన్ను మొదట్లో విరిగిన ముఖం అంతా గరుకుగా, మెరుస్తున్న గింజల్లా ఉంటే ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలిందని అర్థం. రాయో మొద్దో తగిలి ఉండాలి. ముఖంలో కొంత భాగం నునుపుగా, అలల గీతలతో ఉండి మిగతాది గరుకుగా ఉంటే, చిన్న పగులు చాలా రోజుల కిందటే మొదలై మెల్లగా పెరిగిందన్నమాట. అది రోజూ పడే అధిక భారానికి గుర్తు. పళ్ళన్నీ ఒకే కొస వైపు విరిగితే షాఫ్ట్‌లు సమాంతరంగా లేవు, లేదా ఒక బేరింగు కూర్చుంది. పన్ను నడుమ చిన్న గుంటలు పడితే ఆ ఉపరితలం అలసిపోయింది. పన్ను కొస నుంచి మొదలు దిక్కుగా గీతలు పడి చిరిగినట్టుంటే నూనె పొర తెగింది. పళ్ళు నునుపుగానే ఉండి కత్తిలా పలుచబడితే దుమ్ము, ఇసుక కలిసిన నూనె వాటిని సానబెట్టింది.

ఒక దెబ్బతో విరిగిన పినియన్ తెచ్చినవారిని నేను మొదట అడిగేది షియర్ బోల్టు గురించి. పి.టి.ఓ. షాఫ్ట్ మీద తక్కువ గట్టిదనపు బోల్టు ఒకటి ఉంటుంది. రాయి తగిలినప్పుడు అది తెగి గేర్లను కాపాడాలి. రెండు మూడుసార్లు తెగిందని విసుగుపడి, దాని స్థానంలో గట్టి హైటెన్సిల్ బోల్టు బిగిస్తారు. ఆ తరువాత తెగవలసింది ఏదైనా గేరులోనే తెగుతుంది. కొన్ని రూపాయల బోల్టు చేయవలసిన త్యాగాన్ని వేల రూపాయల గేరు చేత చేయించడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడు బోల్టులే నాలుగైదు కొని ట్రాక్టర్ పెట్టెలో ఉంచుకోండి.

కొత్తది చేయించడం

తయారీదారుడి విడిభాగం దొరికితే అదే కొనండి. దొరకనప్పుడు చేయించవలసి వస్తే, పళ్ళ సంఖ్యలు రెండూ, మాడ్యూల్, ఒత్తిడి కోణం, రంధ్రం, కీ (గేరును షాఫ్ట్‌కు బిగించే చీల) గాడి వెడల్పు, పన్ను వెడల్పు, షాఫ్ట్‌ల దూరం ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. మిల్లింగ్ యంత్రం మీద కోసే షాపుల్లో ఒక్కో మాడ్యూల్‌కు 8 కట్టర్ల సెట్టు ఉంటుంది. 14 నుంచి 16 పళ్ళకు ఒకటి, 17 నుంచి 20కి ఒకటి, 35 నుంచి 54కు ఒకటి, ఇలా. పళ్ళ సంఖ్య తప్పు చెబితే కట్టరే తప్పవుతుంది.

లోహం గురించి తప్పక అడగండి. నెమ్మదిగా తిరిగే తెరిచిన గేరుకు ఈఎన్-8 ఉక్కు సరిపోవచ్చు. ట్రాక్టర్ శక్తి మోసే పినియన్‌కు ఈఎన్-353 లాంటి ఉక్కుతో చేసి, పైపొర మాత్రం గట్టిపరచి, లోపల మెత్తదనం ఉంచాలి. విరిగిన పన్ను స్థానంలో వెల్డింగ్ పోసి గ్రైండర్‌తో అరగదీయడం మన దగ్గర మామూలైపోయింది. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల పళ్ళ గట్టిదనం పోతుంది, చేత్తో అరగదీసిన వంపు ఇన్‌వాల్యూట్ కాదు, ఆ ఒక్క పన్ను ప్రతి చుట్టులో జోడీ గేరును కొడుతుంది. పెద్ద, నెమ్మదైన చెరకు యంత్రం గేరు మీద సీజన్ గడపడానికి చేస్తే చేయవచ్చు గానీ, మూసిన పెట్టెలో ఈ పని ఒప్పుకోవద్దు.

సంఖ్యలు మీ చేతిలో ఉంటే ఒక చిన్న మెరుగు కూడా చేసుకోవచ్చు. చెరకు యంత్రపు లెక్కలో తీసుకున్న 12, 60 జంటలో పినియన్ పన్ను ఎప్పుడూ అవే 5 పళ్ళను కలుస్తుంది. ఒకదాంట్లో లోపముంటే అవే పళ్ళు మళ్లీ మళ్లీ దెబ్బతింటాయి. పెద్దదానికి 61 పళ్ళుంటే ప్రతి పన్నూ 61 పళ్ళనూ వంతులవారీగా కలిసి అరుగుదల సమంగా పంచుకుంటుంది. షాఫ్ట్‌ల దూరం జరుపుకునే వీలున్న యంత్రంలోనే ఇది సాధ్యం.

బిగించడం, సరిచూడడం

గేరును సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. నూనెలో వేడిచేసి గానీ, ప్రెస్సుతో గానీ, కనీసం ఇత్తడి ముక్క అడ్డం పెట్టి నెమ్మదిగా గానీ ఎక్కించాలి. కీ గాడిలో కదలకుండా కూర్చోవాలి. పాత ఆయిల్ సీళ్లు మళ్లీ వేయకండి.

పళ్ళ మధ్య కొంత ప్లే (వదులు సందు) ఉండి తీరాలి. వేడికి లోహం వ్యాకోచించినా, నూనె పొర నిలవాలన్నా అది కావాలి. 3 మాడ్యూల్ గేర్లకు మామూలు పనుల్లో మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు చాలు, మీ యంత్రం పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. షాఫ్ట్ జరుపుకునే తెరిచిన గేర్లకైతే, జిరాక్సు కాగితం ముక్క మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది కాబట్టి దాన్ని పళ్ళ మధ్య పెట్టి దగ్గరగా నెట్టి బిగించి, చేత్తో తిప్పి కాగితాన్ని బయటికి తీయండి. కాగితం చిరగకుండా మడతలు పడి వస్తే సరిగ్గా ఉన్నట్టు. చిల్లులు పడితే బిగువు ఎక్కువైనట్టు. ఒక్కచోటే కాకుండా గేరును పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే వంకర షాఫ్ట్ ఒక చోట బిగువుగా, ఎదుటి చోట వదులుగా చూపిస్తుంది.

తరువాత నాలుగైదు పళ్ళకు నీలం బ్లూ పేస్టు పలుచగా రాసి, జోడీని చేత్తో కొద్దిగా అడ్డుకుంటూ తిప్పండి. రంగు పన్ను వెడల్పు మధ్యలో, ఎత్తులో కూడా నడుమ అంటాలి. ఒక కొసకే అంటితే షాఫ్ట్‌లు వాలి ఉన్నాయి, షిమ్ములు సరిచేసి మళ్లీ చూడండి. బెవెల్ గేర్లలో ఈ పరీక్షకు గంట పట్టినా తొందరపడకండి. అక్కడ పినియన్ లోపలికీ క్రౌన్ పక్కకీ విడివిడిగా జరుగుతాయి, ఒకటి సరిచేస్తే మరొకటి మారుతుంది.

నూనె

రోటవేటర్ పెట్టెలో సాధారణంగా 90 నంబరు ఇ.పి. (అధిక ఒత్తిడిని తట్టుకునే) గేరు నూనె వాడతారు. పుస్తకంలో ఏది ఉంటే అది, మట్టం గుర్తు వరకు పోయాలి. ఎక్కువ పోస్తే గేర్లు నూనెను చిలికి వేడెక్కిస్తాయి. మూసిన పెట్టెలో గ్రీజు నింపడం పొరపాటు, గేర్లు దాన్ని పక్కకు నెట్టేసి ఎండుగా తిరుగుతాయి. కారిపోతోందని గ్రీజు నింపేవారు అసలు సీలు మార్చాలి. వార్మ్ పెట్టెలో ఇత్తడి రంగు కంచు చక్రం ఉంటే దానికి ప్రత్యేకంగా చెప్పిన నూనె వాడండి, కొన్ని ఇ.పి. నూనెల్లోని గంధకం వేడికి కంచును తినేస్తుంది.

మొదట బకెట్‌లోకి దించిన పాత నూనెను ఇప్పుడు చూడండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వరి పొలంలో దమ్ము చేసేటప్పుడు రోటర్ సీలు గుండా నీళ్లు పోవడం మన దగ్గర అన్నిటికంటే సామాన్యమైన కారణం. అయస్కాంతం ముంచితే బూడిదలాంటి మెత్తని పొడి అంటడం మామూలే, చెక్కుల్లాంటి ముక్కలు అంటితే ఇంకో గేరో బేరింగో కూడా పోతోంది, పెట్టె మూయకుండా వెతకాలి.

అన్నీ బిగించాక మొదటి అరగంట భారం లేకుండా తక్కువ వేగంలో నడిపి, చేతి వెనక భాగంతో పెట్టెను తాకి చూడండి. తాకలేనంత వేడి ఒక్క చోట ఉంటే ఆపి, అక్కడి బేరింగు బిగువు చూడాలి. ఒకే స్థాయిలో సన్నని కూత వస్తే ప్లే తక్కువైంది, చుట్టుకొక్కసారి ఠక్కుమంటే ఏదో ఒక పన్ను మీద గరుకు మిగిలింది. కొత్త గేర్లు మొదట్లో కొంత లోహపు పొడి రాలుస్తాయి కాబట్టి తొలి నూనెను మామూలు గడువు కంటే ముందే మార్చి, బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. ఆ పని ముగించేటప్పుడు పెట్టె మూత లోపలి వైపు పెయింటుతో ప్రతి గేరు పళ్ళ సంఖ్య, మాడ్యూల్, సీళ్ల నంబర్లు, నూనె మార్చిన తేదీ రాసి పెట్టండి. మళ్లీ విప్పవలసిన రోజున ఆ పెట్టె తెరిచేది మీరే కాకపోవచ్చు.